ఏమీ అడగని పంట

ఈసారి సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు వంటింట్లో ఒక కందిపప్పు ప్యాకెట్ కనిపించింది. కిరాణా కొట్టులో కొన్న కిలో ప్యాకెట్. ఒక మూల కత్తిరించి, రబ్బరు బ్యాండు చుట్టి పెట్టింది అమ్మ. హైదరాబాద్‌లో మా ఇంట్లోనూ అచ్చం అలాంటిదే ఉంటుంది, దాన్ని చూసి ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇక్కడ మాత్రం దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. మా ఊరు తాండూరుకు పదిహేను కిలోమీటర్లు. నాకు ఊహ తెలిశాక మా ఇంట్లో కందిపప్పు కొనుక్కున్న రోజు లేదు.

చిన్నప్పుడు పుష్యమాసం అంటే ఇల్లంతా కందులే. కల్లంలో కంది కట్టెను కొట్టి, సాయంత్రం గాలి తిరిగాక తూర్పారబట్టేవాళ్లు. అమ్మ ఇంటికి ఉంచుకున్న కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయితో పప్పు చేసేది. సంచులు కట్టే ముందు నాయిన ఒక్కో కుప్పలోంచి గింజ తీసి పంటితో కొరికేవాడు. టక్కున రెండుగా చీలితే ఎండినట్టు. పంటికి మెత్తగా తగిలితే ఇంకో రెండు ఎండలు కావాలి. తేమ కొలిచే మెషిన్ మా ఊరికి రాకముందు ఆ శబ్దమే లెక్క.

"ఎందుకమ్మా కొన్నరు?" అని అడిగాను.

"ఏస్తే గద ఉండేది. మీ నాయిన అంత వరే పెట్టిండు" అంది.

తిరిగి వచ్చిన వారానికే ఒక సభలో ఎవరో పెద్దాయన చెప్పిన మాట పేపర్లో చదివాను: రైతులు వరి తగ్గించాలి, పప్పుధాన్యాలు వేయాలి, మనస్తత్వం మార్చుకోవాలి అని. ఇలాంటి మాటలు పదేళ్లుగా వింటున్నాను. ఈసారి ఆ 'మనస్తత్వం' అన్న మాట గుచ్చుకుంది. మా నాయిన మనస్తత్వంలో లోపం లేదని, ఆయన వేసిన లెక్క సరైనదని, మార్చుకోవాల్సింది ఆ లెక్కను అలా తయారుచేసిన విధానమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక ఎకరం, రెండు లెక్కలు

2025-26కి ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. కందులకు 8,000. పైకి చూస్తే కందే గొప్పగా కనబడుతుంది. మా పొలంలో బోరు కింద ఎకరానికి వడ్లు పాతిక క్వింటాళ్లు వస్తాయి. అరవై వేలకు కాస్త తక్కువ. ఖర్చు ముప్పై వేలు అనుకోండి, ముప్పై మిగులుతాయి. వర్షాధారంగా కంది నాలుగైదు క్వింటాళ్లు. ఐదు వచ్చి, మద్దతు ధర పూర్తిగా దక్కితే నలభై వేలు. ఖర్చు పదమూడు వేలకు మించదు. ఇరవై ఏడు మిగులుతాయి.

అంటే తేడా పెద్దగా లేదు. పైగా ఆ ఇరవై ఏడు వేలు చుక్క నీళ్లు తోడకుండా వచ్చేవి. అలాంటప్పుడు నాయిన వరి ఎందుకు పెడుతున్నాడు?

యాసంగిలో కూడా ఇంకో పంట వస్తుంది, అది ఒక కారణం. అసలు కారణం ఆ "పూర్తిగా దక్కితే" అన్న మాటలో ఉంది. వడ్లకు 2,389 అంటే దాదాపు 2,389 వస్తుంది. తరుగు పోతుంది, ఆలస్యం అవుతుంది, అయినా ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంటుంది, కాంటా పెడతారు, బ్యాంకులో డబ్బు పడుతుంది. కందికి 8,000 అంటే కాగితం మీద 8,000. నిరుడు 2025 మొదట్లో మద్దతు ధర 7,550 ఉన్నప్పుడు మార్కెట్లో అంతకంటే తక్కువకే అమ్ముకున్నారు మా వైపు వాళ్లు. నాలుగు క్వింటాళ్లే పండి, ఆరున్నర వేలకు పోతే ఎకరానికి మిగిలేది పదమూడు వేలు. మంచు పడి పూత రాలినా, కాయతొలుచు పురుగు తగిలినా, అడవి పందులు పడినా అదీ ఉండదు. ఎకరం నుంచి ముప్పై వేలు వస్తాయని తెలిసిన మనిషిని, ఇరవై ఏడో పదమూడో సున్నానో తెలియని దానికి రమ్మని పిలుస్తున్నాం. పిలిచే వాళ్లలో ఎవరైనా తమ జీతం విషయంలో ఈ బేరానికి ఒప్పుకుంటారా?

2016లో మాట విన్నాం

రైతులు చెప్పినా వినరు అంటారు. విన్నారు. 2016లో విన్నారు.

2015 అక్టోబర్ గుర్తుందా? కిలో కందిపప్పు 200 రూపాయలకు చేరింది. నేను అప్పటికే హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఆఫీసులో అందరిలాగే నేనూ ఆ ధరను తిట్టుకున్నాను. ధర తగ్గించాలని గోల అయింది. మరుసటి ఏడు ప్రభుత్వం పప్పుధాన్యాలు వేయమంది, కందులకు బోనస్‌తో కలిపి 5,050 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. వానలూ బాగా పడ్డాయి. దేశంలో కందుల దిగుబడి ఒక్క ఏడాదిలో సుమారు 25 లక్షల టన్నుల నుంచి 48 లక్షల టన్నులు దాటింది. ఇంకే రంగంలోనైనా ఇలా ఒక్క పిలుపుకు ఏడాదిలో ఉత్పత్తి దాదాపు రెండింతలైతే పండగ చేసుకునేవాళ్లం.

మా ఐదెకరాల్లోనూ ఆ ఏడు కందే. ఇరవై రెండు క్వింటాళ్లు అయ్యాయి.

ఇప్పుడు తేదీలు చూడండి. 2016 జూలైలో, మా చేలో కంది రెండాకులు వేసే సమయానికి, మొజాంబిక్ నుంచి కందులు తెప్పించుకునే ఒప్పందం మీద దేశం సంతకం పెట్టింది. పప్పుల ఎగుమతి మీద 2006లో పెట్టిన నిషేధం అలాగే ఉంది. బయటి నుంచి వచ్చే కందుల మీద సుంకం లేదు. పంట చేతికొచ్చేసరికి లోపల పండింది లోపలే, బయట పండిందీ లోపలికే. ధర మద్దతు ధర కిందికి జారిపోయింది. పది శాతం దిగుమతి సుంకం వేసింది 2017 మార్చిలో. దిగుమతికి కోటా పెట్టింది ఆగస్టులో. కందుల ఎగుమతికి దారి తెరిచింది సెప్టెంబర్‌లో. చేయాల్సినవి అన్నీ చేశారు. రైతు అమ్ముకున్నాక చేశారు.

కొనుగోలు కేంద్రం లేదా అంటే ఉంది. నాయిన రెండు రోజులు అక్కడే పడుకున్నాడు. గోనె సంచులు లేవన్నారు. సంచులొచ్చాక కాంటా ఆగింది. మూడో రోజు ట్రాక్టర్ కిరాయి పెరుగుతోందని పక్కనే ఉన్న వ్యాపారికి 3,900కి ఇచ్చేశాడు. పెద్ద నోట్లు రద్దైన ఏడు కదా, చేతికి చెక్కు వచ్చింది. అది మారడానికి మూడు వారాలు పట్టింది. ఆ రాత్రి ఫోన్‌లో ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. "పంట మంచిగనే వచ్చింది రా" అన్నాడు. అంతే. నాకు ఆ మాట ఇప్పటికీ మరుపు రాదు. ఆ నెల హైదరాబాద్‌లో కందిపప్పు ధర తగ్గింది. మా ఇంట్లోనూ సంతోషించాం. ఆ రెండు సంగతులూ ఒకటేనని అప్పట్లో నాకు తట్టలేదు.

తర్వాతి ఏడాది 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. నాయిన బోరు వేయించాడు. మొదటిది బండ తగిలి పోయింది. మా దగ్గర పైనంతా నాపరాయే కదా. రెండోది 380 అడుగుల దగ్గర పడింది. ఆ వానకాలం నుంచి వరి.

పంపిణీ అంతా అడిగిన పంటకే

ఈ మధ్య నేను ఎక్కువగా ఆలోచిస్తున్నది దీని గురించే. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మన వ్యవసాయ సబ్సిడీలన్నీ ఈ సామెత మీదే నడుస్తున్నాయి. వరి నీళ్లు అడుగుతుంది, ఆ నీళ్లు తోడడానికి కరెంటు ఉచితం. వరి యూరియా అడుగుతుంది, 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకే వస్తుంది, మిగతా ఖర్చు ప్రభుత్వానిది. వడ్లు గోదాము అడుగుతాయి, లారీ అడుగుతాయి, మిల్లు అడుగుతాయి. అన్నీ అమిరాయి.

కంది ఏమీ అడగదు. దాని వేరు లోతుకు పోయి తన తేమ తాను వెతుక్కుంటుంది. కంది మొక్కను మెల్లగా పీకి వేళ్లు చూడండి, ఆవగింజ నుంచి మినపగింజ దాకా సైజులో బుడిపెలు ఉంటాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. గాలిలో నత్రజనిని పట్టి మొక్కకు అందించే బాక్టీరియా ఇల్లది. అంటే యూరియా బస్తా దాని వేరుకే వేలాడుతోంది. ఆకు రాలి భూమికే ఎరువవుతుంది. కట్టె పొయ్యిలోకి వస్తుంది. ఉచిత కరెంటుతో దానికి పని లేదు, చవక యూరియాతో అవసరం తక్కువ. కాబట్టి కంది వేసే రైతుకు ఆ రెండు సబ్సిడీల నుంచి దాదాపు ఏమీ రాదు. భూమికి, నీటికి, ఖజానాకు తక్కువ భారం వేసిన వాడికి తక్కువ దక్కుతుంది. తెలిసి ఎవరూ ఇలా రాసి ఉండరు. ఒక్కో పథకం విడిగా మంచి ఉద్దేశంతో వచ్చిందే. అన్నీ కలిపి చూస్తే మాత్రం పొదుపుగా ఉన్న పంటకు జరిమానా పడుతోంది.

నీటి సంగతి మా ఊరికి చాలా దగ్గర సంగతి. మా పక్క చేను ఆయన నిరుడు 600 అడుగులకు వెళ్లాడు. వేసవిలో మా బోరు గంట పోసి అరగంట ఆగుతోంది. మడిలో నిలిచిన నీటి నుంచి మీథేన్ లేస్తుందని, అది భూమి వేడెక్కడానికి కారణమని ఇప్పుడు బడి పిల్లలకూ తెలుసు. వాళ్ల పుస్తకంలో ఆ పాఠం ఉండి, బయట విధానం ఇలా ఉండటం నాకు బాధగా అనిపిస్తుంది.

వరి రైతు సుఖంగా ఉన్నాడనుకోవద్దు

ఇంతా రాసి వరి వేసే వాళ్లకు అన్నీ దొరుకుతున్నాయని అనిపిస్తే తప్పు నాదే. తెలంగాణలో 2014-15లో సుమారు 24 లక్షల టన్నుల వడ్లు కొన్నారు, 2020-21కి అది 140 లక్షల టన్నులు దాటింది. ఆరేళ్లలో అంత పెరిగితే ఏ వ్యవస్థయినా మూలుగుతుంది. మా ఊరి కేంద్రంలో నాయిన పన్నెండు రోజులు వడ్ల కుప్ప దగ్గర కాపలా ఉన్న ఏడు ఉంది. రాత్రి వాన మొదలైతే పట్టా అంచులు పట్టుకుని నలుగురు నాలుగు మూలలా నిలబడ్డారట. తేమ 17 శాతం దాటిందని తిప్పి ఆరబోయమన్నారు. బస్తాకు ఇంత అని తరుగు తీశారు.

2021-22లో ఇంకో దెబ్బ. యాసంగి వడ్లు మా ఎండలకు మరపడితే నూక ఎక్కువవుతుంది, అందుకే ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉప్పుడు బియ్యం ఇక తీసుకునేది లేదని కేంద్ర ప్రభుత్వం, తీసుకోవాలని రాష్ట్రం. ఢిల్లీలో ధర్నా దాకా వెళ్లింది. వరి వేయొద్దన్నారు. మరి ఏం వేయాలి? అంతకు ముందే 2020 వానకాలంలో నియంత్రిత సాగు అని, పత్తి, కంది పెంచమని, మక్క వద్దని చెప్పి, ఆ డిసెంబర్‌లోనే ఆ విధానం ఎత్తేశారు. మూడేళ్లలో మూడు మాటలు విన్న మనిషి ఎవరి మాట వింటాడు? తనకు తెలిసిన కాంటా దగ్గరికే పోతాడు.

2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు టెక్సాస్‌లో ఉన్న మా స్నేహితుడు ఇండియన్ స్టోర్ ఫోటో పంపాడు. సోనామసూరి బస్తాల కోసం క్యూ, ఇంటికి ఒకటే అని బోర్డు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనది. మనం తలుపు వేస్తే ఆఫ్రికాలో పేద దేశాల దాకా ధర తగులుతుంది. ఇక్కడ ధర పెరగకూడదన్న భయమే ఆ తలుపు వేయించింది. 2016లో కందుల ఎగుమతి తలుపు తెరవనీయంది కూడా ఆ భయమే. ఒక్క తేడా ఏమిటంటే వడ్ల రైతు కింద నిజంగా దక్కే మద్దతు ధర అనే మెట్టు ఉంది, కంది రైతుకు అది కాగితం మీదే.

పప్పు తినేవాళ్ల మాట

నా వాదనకు గట్టి జవాబు ఒకటి ఉంది, దాన్ని దాటేసి పోలేను. కందిపప్పు పేదవాడి మాంసకృత్తు. కిలో 200 అయితే నాలాంటి వాడు తిట్టుకుని కొంటాడు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంట్లో పప్పు చారవుతుంది. ఇది నేను కళ్లారా చూశాను. 2023 చివర్లో ధర మళ్లీ ఎగబాకినప్పుడు ఆయన భార్య అరపావు కొనేది. అలాంటప్పుడు దిగుమతి వద్దని ఏ నోటితో అంటాం? 2021 మే నుంచి కందుల దిగుమతి మీద కోటా ఎత్తేసి, ఏటేటా ఆ గడువు పొడిగిస్తూ వచ్చారు. 2023 డిసెంబర్‌లో పసుపు బఠానీకీ తలుపులు తెరిచారు. 2024-25లో మొత్తం పప్పుధాన్యాల దిగుమతి 70 లక్షల టన్నులు దాటింది. ఎక్కడో కెనడా, రష్యా బఠానీ వచ్చి మన పప్పు ధరను కిందికి లాగితే వాచ్‌మన్ ఇంటికి మేలే.

కాని ఆ మేలు ఖర్చు ఎవరు భరిస్తున్నారు? బియ్యం విషయంలో పేదవాడికి చవగ్గా ఇవ్వాలనుకున్నప్పుడు రైతు దగ్గర ధర పెట్టి కొని, ఆ తేడా ఖజానా భరించింది. పప్పు విషయంలో పేదవాడికి చవగ్గా ఇవ్వాలనుకున్నప్పుడు ఆ తేడా వానాధారం రైతు మీద వేశారు. అన్నంలోకి పప్పే కదా, ఒకే విస్తట్లో రెండు న్యాయాలు ఎందుకు? 2013లో అమ్మహస్తం పథకం కింద 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో కందిపప్పు ఉండేది. ఆంధ్రలో రేషన్ దుకాణంలో కిలో 67 రూపాయలకు ఇచ్చారు. అంటే చేయలేనిది కాదు. హాస్టళ్లు, అంగన్‌వాడీలు, మధ్యాహ్న భోజనం అన్నీ ప్రభుత్వం చేతిలోనివే. ఆ పిల్లల ప్లేట్లలోకి పోయే పప్పు మా జిల్లా కందుల నుంచి ముందే ఒప్పందం పెట్టుకుని కొంటే, కొనేవాళ్లు ఎవరన్న ప్రశ్నకు కొంతైనా జవాబు దొరుకుతుంది.

ఒక అనుమానం మాత్రం నన్ను వదలదు. కందులను కూడా వడ్లలాగా కొంటే, పదేళ్లకు అదీ గోదాముల్లో పుచ్చుపడుతుందా? 2017లో కొన్న పప్పుధాన్యాలతో దాదాపు 20 లక్షల టన్నుల నిల్వ పోగై, దాన్ని వదిలించుకోవడం కష్టమైన మాట నిజం. కొనడం ఒక్కటే చాలదు, కొన్నది ఎవరి కంచంలోకి పోతుందో ముందే తేల్చుకోవాలి. ఇంకొకటి, కాలువల కింద ఉన్న నీటి ముంపు పొలాల్లో కంది వేయమనడం అన్యాయం, అక్కడ వరే సరైనది. నేను అడుగుతున్నది మా లాంటి చెలకల గురించి, నల్లరేగడి మెట్ట గురించి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరులోనే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. కంది మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది, మాకు వంద కిలోమీటర్ల లోపే. విత్తనం నుంచి పేరు దాకా అన్నీ మా చుట్టూనే ఉన్నాయి.

కాలమ్‌లో పట్టని పంట

2025 కేంద్ర బడ్జెట్‌లో కంది, మినుము, మసూరు పప్పులను ముందుకొచ్చిన రైతుల దగ్గర నాలుగేళ్ల పాటు ఎంత తెచ్చినా కొంటామన్నారు. అంతకు ముందు పండిన దానిలో పాతిక శాతమే, తర్వాత నలభై శాతమే అనే పరిమితులు ఉండేవి. ఆ ప్రకటన విని నిజంగా సంతోషించాను, నాయినకు ఫోన్ చేసి చెప్పాను.

ఆయన అప్పటికి ఒక ఎకరం పత్తిలో సాళ్ల మధ్య కంది వేసి ఉన్నాడు. తరతరాల పద్ధతి అది, పత్తి పోయినా కంది ఆదుకుంటుందని. మూడు క్వింటాళ్ల దాకా అయ్యాయి. కేంద్రానికి తీసుకెళ్తే రికార్డులో ఆ సర్వే నంబరు పక్కన పత్తి అని ఉంది. కంది అని లేదు కాబట్టి తీసుకోలేమన్నారు. అక్కడి ఉద్యోగి మీద నాకు కోపం లేదు, ఆయన ముందున్న స్క్రీన్‌లో ఒక చేనుకు ఒక పంటకే చోటుంది. రెండు పంటలు ఒకే చాలులో పెరుగుతాయని ఆ కాలమ్ రాసిన వాళ్లకు తెలియదు. నేలకు మేలు చేసే అంతర పంట వేసినందుకే ఆయన కందులు లెక్కలోకి రాలేదు.

మూడు క్వింటాళ్లూ తాండూరులో వచ్చిన ధరకు అమ్మాడు. ఇంటికి కూడా ఉంచుకోలేదు. మరుసటి వానకాలం ఆ ఎకరం కూడా మడి అయింది. అమ్మ వంటింట్లో ప్యాకెట్ అలా వచ్చింది.

పండగ మూడు రోజులూ అయి బయల్దేరేటప్పుడు అటక మీద చిన్న కుండ చూపించింది అమ్మ. బూడిద కలిపిన విత్తనం కందులు, నాలుగు కిలోలుండొచ్చు. రెండేళ్ల నాటివి. "మొలుస్తయా?" అని నాయినను అడిగాను. ఒక గింజ తీసి బూడిద తుడిచి పంటి కింద పెట్టాడు. టక్కుమంది.

"మొలుస్తయి" అన్నాడు. "ఎవలన్న కొంటరా, తెలుసుకో. మిర్గం లోపల చెప్పు."

మృగశిర కార్తెకు ఇంకా టైమ్ ఉంది. ఇప్పటికి ముగ్గురిని అడిగాను. కొంటామని చెప్పిన వాళ్లు ఉన్నారు, ఎంతకో చెప్పిన వాళ్లు లేరు.